గోడ అవతలి బాకా

గోడ మీద దెబ్బలు ఆగిపోయిన సంగతి రాదెన్కో చాలాసేపటి దాకా గమనించలేదు.

మంచు తుఫాను పట్టుకున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒకటే తంతు. రాదెన్కో పొయ్యి పక్కన ముక్కాలిపీట వేసుకుని బాకా ఎత్తేవాడు. పెళ్లికూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు ఊదే నెమ్మది పాట అందుకునేవాడు. పాట సగంలో ఒక స్వరం పైకెక్కి, అక్కడే నిలబడి, వణక్కుండా సాగి, ఆ తర్వాత జారుకుంటూ కిందికి దిగాలి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి ఆ స్వరం పాతగుడ్డలా పర్రుమని చిరిగేది. వెంటనే గోడ అవతల నుంచి ఇనపకడ్డీతో టక్, టక్, టక్.

అవతల ఉన్నది అన్న మిలిసావ్. తండ్రి కట్టింది ఒకటే ఇల్లు. అన్నదమ్ములు మధ్యలో గోడ పెట్టుకుని రెండు తలుపులు, రెండు పొయ్యిలు చేసుకున్నారు. వసారా మాత్రం ఉమ్మడిగా మిగిలింది.

గోలియా కొండల్లో ఎవరింట పెళ్లయినా మిలిసావ్ మేళం రావాలనేవాళ్లు. ముందు బాకా అతనిది, పక్క బాకా తమ్ముడిది. పోయిన ఎండాకాలంలో మిలిసావ్ చిగుళ్లు చీము పట్టి పైపళ్లన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు గానీ, పెదవి ఆనుకునే చోటు కదులుతుంటే పై స్వరాలు ఎక్కడ నిలబడతాయి? రెండు పెళ్లిళ్లలో నలుగురి ముందూ నవ్వులపాలయ్యాక, రాకియా సారా కాచే రోజుల్లో, మేళం వాళ్లంతా డోలు వాయించే ప్రొదాన్ ఇంట్లో కూర్చుని ముందు బాకా రాదెన్కోకి అప్పగించారు. మిలిసావ్ లేచి నిలబడ్డాడు.

"ఊదనివ్వండి. నా పళ్లు పోయాయి గానీ చెవులు ఎక్కడికీ పోలేదు" అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడటం మానేశాడు. వసారాలో ఎదురుపడితే గోడవైపు చూసుకుంటూ పోయేవాడు. ఇద్దరి మధ్యా పలకరింపంటూ ఏదైనా మిగిలిందంటే అది ఆ ఇనపకడ్డీ దెబ్బలే.

వచ్చే ఆదివారం కింది ఊళ్లో మిల్లు వాళ్లమ్మాయి పెళ్లి. రాదెన్కో మేళానికి ముందు నిలబడబోయే మొదటి పెళ్లి అది. భార్య దోబ్రిలా కూతురి బడి కోసం పట్నంలో ఉంది. తుఫానుకి దారి మూసుకుపోయి అక్కడే చిక్కుకుంది. కరెంటు పోయింది, ఫోను మూగబోయింది. కిటికీ సగం దాకా మంచు పేరుకుంది. ఇంట్లో మిగిలింది అతనూ, బాకా, ఆ గోడా. స్వరం చిరగడం, గోడ మోగడం. కోపంతో అతను ఇంకా గట్టిగా ఊదేవాడు. గట్టిగా ఊదేకొద్దీ అది ఇంకా చిరిగేది.

ఆ మధ్యాహ్నం మాత్రం ఎందుకో స్వరం నిలబడింది.

రాదెన్కోకే నమ్మకం కుదరలేదు. మళ్లీ ఊదాడు. పైకెక్కి, దీపం వెలుగులా నిటారుగా నిలబడి, చల్లగా దిగింది. గోడవైపు చెవి పెట్టాడు. చప్పుడు లేదు. అతని మొహం మీద నవ్వు పాకింది.

"ఏం అన్నా, కడ్డీ విరిగిందా?" అని గోడకేసి అరిచాడు.

జవాబు లేదు. గెలిచాననుకున్నాడు. మూడోసారి ఆ స్వరాన్ని కావాలనే సాగదీశాడు. ఊపిరి అయిపోయేదాకా, అవతలివాడి గుండెలో గుచ్చుకునేలా. అప్పుడే తలుపు దభాలున తెరుచుకుంది. చలిగాలితో పాటు మంచు లోపలికి ఎగిరిపడింది. గుమ్మంలో వదిన విదోసావ. తల మీద రుమాలు జారి మెడ చుట్టూ వేలాడుతోంది.

"ఆపు ఆ గోల! మీ అన్న ఇటేమైనా వచ్చాడా?"

"నా గడప తొక్కి ఎన్నాళ్లయింది వదినా? ఇప్పుడెందుకొస్తాడు?"

ఆమె తలుపు చెక్కని పట్టుకుంది. "తిన్నాక పై పాకకి గడ్డి తేవడానికి పోయాడు. చీకటి పడేలా ఉంది. ఇంకా రాలేదు."

"ఈ గాలిలోనా? కింద కొట్టంలో గడ్డి లేదా?"

"ఉంది. బోలెడుంది."

"మరెందుకు పోయాడు?"

విదోసావ అతని చేతిలో ఉన్న బాకాని చూసింది, అంతే. రాదెన్కో మొహం వేడెక్కింది. ఇంతసేపూ తాను ఖాళీ గోడకి వినిపించి మురిసిపోయాడు. ఆ స్వరం నిలబడిన సమయానికి అన్న మంచులో ఎక్కడున్నాడో!

బాకా బల్ల మీద పడేసి, గొర్రెతోలు కోటు తగిలించుకుని, లాంతరు పట్టుకుని బయటికి దూకాడు. వసారా దాటగానే లాంతరు ఆరిపోయింది. ఆకాశం, నేల, పాక, కంచె అన్నీ ఒకే తెల్లటి రొదలో కలిసిపోయాయి. మొహం మీద మంచు సూదుల్లా గుచ్చుకుంది. పాక ఇంటికి ఎగువన, పొలం దాటాక ఉంటుంది. కళ్లు మూసుకుని పోగలననుకునే దారి. కానీ కాసేపు నడిచి చేతులు చాపితే కంచె తగల్లేదు. వెనక్కి తిరిగితే ఇల్లు లేదు. తన అడుగుజాడలు తన కళ్ల ముందే పూడిపోయాయి. "వదినా!" అని అరిచాడు. ఆ కేక నోటి దగ్గరే కొట్టుకుపోయింది. ఒంగుని చేతులతో తడుముకుంటూ పోతే ఏదో గట్టిగా మోకాలికి కొట్టుకుంది. కట్టెల మోపు. తన కట్టెల మోపే! పెరట్లోనే గుండ్రంగా తిరిగాడన్నమాట.

వసారాలోకి ఎక్కేసరికి విదోసావ అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"నువ్వు కూడా పోతే నేనెవరిని వెతకను? ఊదు."

"ఏంటీ?"

"బాకా ఊదు. నీ కేక వినపడదు గానీ అది వినపడుతుంది. ఇంతసేపూ ఊళ్లోవాళ్ల చెవులు చిల్లులు పడేలా ఊదావుగా, ఇప్పుడు ఊదు!"

రాదెన్కో వసారా చివర, పొలంవైపు తిరిగి నిలబడి ఊదాడు. చేతికి అలవాటైపోయిన ఆ పెళ్లికూతురి పాటే వచ్చింది. గాలి ఎదురుగా, పాకవైపు నుంచే కొడుతోంది. ఊదిన ప్రతి స్వరాన్నీ తిరిగి తన మొహానే విసిరికొడుతోంది. అయినా ఊదాడు. విదోసావ రుమాలు పూర్తిగా తీసేసి, జుట్టంతా మంచు పట్టినా కదలకుండా చెవులు రిక్కించి నిలబడింది.

"ఏమైనా వినపడిందా?"

"లేదు. ఊదు."

పాట రెండోసారి సగంలో ఉండగా వేళ్ల కింద మీటలు బరువెక్కాయి. ఊపిరి తడి లోపల గడ్డకడుతోంది. ఒక మీట దిగి పైకి లేవలేదు. ఇంకొకటి అసలు దిగలేదు. బాకా దించబోతే ఊదే మూతి పెదవికి అతుక్కుపోయింది. లాగాడు. చర్మం ఊడి వచ్చింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"నాయనా, రక్తం!"

"ఏం పర్లేదు. కానీ లాభం లేదు వదినా. గాలి మనకి ఎదురుగా ఉంది. పైనున్నవాడికి మన ఊత వినపడదు. అన్నే ఊదితే గాలి మనవైపే కాబట్టి మనకి వినపడేది. అన్న దగ్గర ఊదడానికి ఏముంది?"

విదోసావ నోరు తెరిచింది. మూసుకుంది. గుమ్మంవైపు చూసింది, లోపల ఎవరో వింటున్నట్టు.

"ఏంటి వదినా? చెప్పు!"

"చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాడు."

"ఇప్పుడు ఒట్టేంటి!"

"బాకా తీసుకెళ్లాడు" అంది ఆమె. "కోటు లోపల పెట్టుకుని. ఇవాళే కాదు, గడ్డి పేరు చెప్పి రోజూ పోయేది అందుకే. పాకలో కూర్చుని ఊదుకుంటాడు. నువ్వు వింటావని ఇంట్లో ఊదడు."

రోజూ గడ్డిబండి లాక్కుంటూ పోయే అన్నని కిటికీలోంచి చూసి, నా ఊత వినలేక పారిపోతున్నాడని నవ్వుకున్నవాడే రాదెన్కో.

"అయితే అన్న దగ్గర బాకా ఉంది. మరెందుకు ఊదట్లేదు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఊదలేని స్థితిలో ఉండి ఉండాలి. లేదా తమ్ముడి పాట విని, బదులివ్వకూడదని పంతం పట్టి ఉండాలి. రాదెన్కోకి రెండోదీ అసాధ్యం అనిపించలేదు. అన్న సంగతి అతనికి తెలుసు.

బాకా మూతిని ఊడదీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడు. మీటలు పని చెయ్యకపోయినా, పెదవి బిగించి వదిలితే వచ్చే స్వరాలు నాలుగైదు ఉంటాయి. వాటితోనే మేళానికి ఒక పిలుపు ఉంది. పెళ్లి భోజనాల దగ్గర అటూ ఇటూ చెదిరిపోయి, తాగుతూ కూర్చున్న మేళగాళ్లని పోగు చెయ్యడానికి ఊదే పిలుపు. ఆ పిలుపు విన్నవాడు చేతిలో ముద్ద ఉన్నా వదిలేసి తన వాయిద్యంతో బదులు పలకాలి. ఇన్నేళ్లూ ఆ పిలుపు ఊదింది మిలిసావ్. బదులు పలికింది రాదెన్కో.

మూతి తగిలించి, చిరిగిన పెదవి మీద పెట్టి, పిలుపు ఊదాడు. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. ఆపి, విన్నారు. గాలి. మళ్లీ ఊదాడు. ఆపారు. చూరు మీద నుంచి మంచు జారిపడింది. వెలుతురు బూడిదరంగులోకి దిగిపోతోంది. ప్రతిసారీ మూతి పెదవిని కరుచుకుంటోంది. ప్రతిసారీ పుండు పెద్దదవుతోంది. నొప్పికి కళ్లలో నీళ్లు వచ్చి రెప్పల మీద గడ్డకట్టాయి.

"ఇంకోసారి" అంది విదోసావ.

"పెదవి లేదు వదినా."

"ఇంకోసారి నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా."

ఊదాడు. ఆపాడు. ఈసారి విదోసావ చెయ్యి ఠక్కున పైకి లేచింది.

"అదుగో."

"గాలి వదినా."

"గాలి కాదు! నేనిన్నేళ్లు ఆ మనిషి ఊదేది వింటూ వంట చేశాను. గాలి కాదు."

అతనికీ వినపడింది. లోతుగా, బొంగురుగా, ఎద్దు మూలిగినట్టు ఒకే ఒక్క మంద్ర స్వరం. మిలిసావ్ ఎప్పుడూ అలా ఊదలేదు. కానీ అది ఊపిరి పట్టి, విడిచి, మళ్లీ పట్టింది. మనిషి ఊపిరి. ఐతే అది ఎగువ నుంచి రాలేదు. పాకవైపు నుంచి కానే కాదు. కుడిపక్క, దిగువ నుంచి.

"వాగు" అన్నాడు రాదెన్కో. "గాలి తోసేస్తే పోయి వాగులో పడ్డాడు."

పొలానికి కుడిపక్కన నేల ఉన్నట్టుండి తెగి, రాళ్ల మధ్య వాగులోకి దిగిపోతుంది. ఎండాకాలంలోనే గొర్రెలు పడి కాళ్లు విరగ్గొట్టుకునే చోటు.

ఇంట్లో ఉన్న తాళ్లన్నీ పోగేశారు. గడ్డిమోపు తాడు, బావి తాడు, బట్టలారేసే తీగ కూడా. ఒకదానికొకటి ముడేసి, ఒక కొస వసారా స్తంభానికి కట్టి, ఇంకో కొసని రాదెన్కో తన నడుముకి చుట్టుకున్నాడు. బాకా తీసి విదోసావ చేతిలో పెట్టాడు.

"నేనా? నాకేం తెలుసు?"

"పెదాలు బిగించి, గింజ ఊసినట్టు ఊదు. ఏ చప్పుడొచ్చినా సరే. నేను తిరిగి రావడానికి నాకేదో ఒక గుర్తు కావాలి. ఆపకు."

ఆమె మూతిని నోటికి పెట్టుకుని ఊదింది. బుగ్గలు ఉబ్బాయి గానీ ఉత్త గాలే వచ్చింది. మళ్లీ ఊదింది. ఉఫ్ఫు. మూడోసారి బాకాలోంచి గాడిద చీదినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆమె తనే ఉలిక్కిపడింది.

"అదే! అద్భుతం. ఇక వదలకు" అని రాదెన్కో మంచులోకి దిగాడు.

నడుము లోతు మంచు. అడుగు వేసి, కూరుకుపోయి, లేచి, మళ్లీ అడుగు. వెనక విదోసావ చప్పుడు. ముందెక్కడో ఆ మంద్ర స్వరం. రెండింటి మధ్యా అతను. కొంతసేపటికి ముందు స్వరం పలచబడింది. ఎక్కువసేపు ఆగి, కొంచెమే పలుకుతోంది. "అన్నా! ఊదు! ఊదుతూనే ఉండు!" అని అరిచాడు. తన పిలుపు తనకే వినపడలేదు.

వాగు అంచు ఇంకా రాకముందే తాడు నడుముని గట్టిగా లాగింది. అయిపోయింది. చేతులు చాపి ముందుకి వాలి చూశాడు. ఇంకా రావాలి. ఆ మంద్ర స్వరం ఒకసారి వచ్చి, సగంలో తెగిపోయింది. ఆ తర్వాత ఎంత ఆగినా రాలేదు.

రాదెన్కో నడుముకున్న ముడి విప్పాడు. వేళ్లు వంగకపోతే పళ్లతో లాగాడు. తాడు కొసని మంచులో పొడుచుకొచ్చిన ఒక జునిపర్ పొద కొమ్మకి కట్టి, దాన్ని ఒకసారి గట్టిగా లాగి చూసి, వదిలేశాడు. వదిలిన మరుక్షణం వెనక్కి చూస్తే పొద లేదు, తాడు లేదు. ఒక్క అరక్షణం తిరిగి పోదామా అనుకున్నాడు. ఆ మాట ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు గానీ, అనుకున్న మాట నిజం.

బోర్లా పడుకుని పాక్కుంటూ వెళ్లాడు. చేతుల కింద నేల తెగింది. జారాడు. మంచుతో పాటు జారి, ఒక పెద్ద చెట్టు వేరుకి భుజం కొట్టుకుని ఆగాడు. ఆ వేరు కింద, గాలి తగలని గూట్లో, ఒక మనిషి ముడుచుకుని కూర్చున్నాడు. కోటులో బాకా, నోట్లో బాకా మూతి. గడ్డకట్టకుండా నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నా!"

మిలిసావ్ కళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. నోట్లోంచి మూతిని చేతిలోకి ఉమ్మాడు. పెదవి లోపలికి ముడుచుకుపోయి, మొహం ముసలాడి మొహంలా ఉంది.

"నువ్విక్కడున్నావ్... మరి ఇంటి దగ్గర ఊదేదెవరు?"

"వదిన."

మిలిసావ్ కాసేపు విన్నాడు. పై నుంచి గాలిలో తేలుతూ గాడిద చీది, ఆగి, మళ్లీ చీదింది.

"ఛీ. అది ఊతా?"

"నాకంటే నయమే కదా."

"కొంచెం" అన్నాడు మిలిసావ్. నవ్వబోతే నోట్లోంచి మూలుగు వచ్చింది. "కాలు పోయిందిరా. ఎడమ కాలు. రాయి కింద ఇరుక్కుంటే లాక్కున్నా. తిమ్మిరెక్కి తెలియడం లేదు. పళ్లు కూడా పోయాయి."

"ఏ పళ్లు?"

"కట్టుడు పళ్లురా! పడ్డప్పుడు ఊడి ఎక్కడో పడ్డాయి. పళ్లు లేకపోతే అడుగు స్వరం ఒక్కటే వస్తుంది. నీకు వినపడుతుందో లేదోననుకున్నా."

"వదినకి వినపడింది. పద, లే."

"లేవలేను. నువ్వు పో. తెల్లారాక జనాన్ని తీసుకురా."

"తెల్లారేదాకా ఉంటావా నువ్వు? నోర్మూసుకుని మెడ పట్టుకో."

అన్నతో అలా మాట్లాడటం అతనికి అదే మొదలు. మిలిసావ్ తిరిగి ఏమీ అనలేదు. అది చూసి రాదెన్కోకి ఇంకా భయమేసింది. అన్నని వీపు మీదికి ఎత్తుకోబోతే బాకా అడ్డమొచ్చింది.

"దాన్ని వదిలెయ్."

"వదలను."

"అన్నా, దాంతో పాటు నిన్ను మొయ్యలేను. వదిలెయ్!"

మిలిసావ్ బాకాని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దాన్ని వేరు కింద గూట్లో, నోరు లోపలివైపుకి పెట్టి, పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు మెల్లగా ఆనించాడు. తమ్ముడి మెడ చుట్టూ చేతులు వేశాడు.

అంచు ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరికీ గుర్తులేదు. రెండుసార్లు జారి కిందికి వచ్చారు. మూడోసారి మిలిసావ్ మంచి కాలితో వేరుని తన్ని, రాదెన్కో మోచేతులు దిగ్గొట్టుకుని, పైకి వచ్చిపడ్డారు. గాలి మళ్లీ పట్టుకుంది. జునిపర్ పొద కోసం తడిమాడు. లేదు. అటు తడిమాడు. లేదు. చీకటి కమ్మేసింది.

"వదిన చప్పుడు విని పోదాం" అన్నాడు రాదెన్కో, మొయ్యలేక వగరుస్తూ.

చప్పుడు లేదు.

విన్నారు. గాలి ఈల వేసింది. ఇంకేమీ లేదు.

"ఆపేసింది" అన్నాడు రాదెన్కో. "ఆపొద్దని చెప్పాను. చెప్పాను కదా!"

"కదలకు" అన్నాడు మిలిసావ్ అతని చెవిలో. "తెలియకుండా అడుగు వేస్తే మళ్లీ వాగులో ఉంటాం. అలాగే నిలబడు."

"చచ్చిపోతాం అన్నా."

"నిలబడరా. కొత్తవాళ్లకి ఊపిరి తొందరగా అయిపోతుంది. కళ్లు తిరుగుతాయి. కూర్చుని ఉంటుంది. లేస్తుంది. నా పెళ్లానికి నీకంటే మొండితనం ఎక్కువ."

నిలబడ్డారు. వీపు మీద అన్న గుండె కొట్టుకోవడం కోటుల్లోంచి తెలుస్తోంది. అది నెమ్మదిస్తోందో, తనకలా అనిపిస్తోందో తెలియలేదు. "నిద్రపోకు" అన్నాడు. "నిద్రపోవట్లేదు, వింటున్నా" అన్నాడు మిలిసావ్.

అప్పుడు వచ్చింది. వాళ్లు అనుకున్నవైపు నుంచి కాదు, దాదాపు వెనక నుంచి. చీదినట్టు కాదు ఈసారి. గట్టిగా, వంకరగా, కానీ ఒక పూర్తి స్వరం. వాళ్లు ఇంటికి వీపు పెట్టి, మళ్లీ వాగువైపే తిరిగి నిలబడి ఉన్నారు.

రాదెన్కో వెనక్కి తిరిగి నడిచాడు. చప్పుడు ఆగినప్పుడు ఆగి, వచ్చినప్పుడు నడిచి, పడి, లేచి. దారిలో ఎక్కడో తాడు కాలికి చుట్టుకుంది. దాన్ని పట్టుకుని వసారా మెట్ల మీద ఇద్దరూ కుప్పకూలారు. విదోసావ మోకాళ్ల మీద కూర్చుని ఉంది. బాకా దించలేదు. వాళ్లు ముందుకొచ్చి పడినా ఇంకో ఊత ఊదాకే దించింది. గడ్డం మీదంతా రక్తం.

ఆ రాత్రి ఆమె భర్త బూటు కోసి తీసింది. గోరువెచ్చటి నీళ్లలో కాలు పెట్టించింది. నల్లబడిన వేళ్లని చూసి పెదవి కొరుక్కోబోయి, నొప్పికి మానేసింది. ఇద్దరికీ వేడి రాకియా పట్టించింది. ఆ తర్వాత పొయ్యి ముందు కూర్చుని మొహం కప్పుకుని ఏడ్చింది. అన్నదమ్ములు ఒకే దుప్పటి కింద, గోడకి ఇవతలివైపు, ఆమెని ఆపే ధైర్యం లేక చూస్తూ ఉండిపోయారు.

తుఫాను తగ్గి, మంచు తోసే బండి పైకి వచ్చాక, మిలిసావ్‌ని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు కాలివేళ్లు తీసేశారు. మిగిలిన పాదం దక్కింది. రాదెన్కో పెదవి మీద అర్ధచంద్రంలా పుండు పడింది. ఆదివారం పెళ్లికి వెళ్లాడు గానీ, మేళం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముందు బాకా పొరుగూరి నుంచి పిలిచిన మనిషి ఊదాడు. పెళ్లికూతురి పాటలో ఆ స్వరం చిరిగింది. పెళ్లివాళ్లెవరూ పట్టించుకోలేదు. రాదెన్కో చెయ్యి మాత్రం తెలియకుండానే పక్కనున్న బల్లని తాకింది. తట్టబోయి ఆపుకున్నాడు.

మిలిసావ్ ఇంటికొచ్చాక కూడా పెద్దగా మాటల్లేవు. రాదెన్కో పొద్దున్నే వచ్చి కట్టెలు పడేసేవాడు. మిలిసావ్ "ఊఁ" అనేవాడు. మంచు కరిగే రోజుల్లో ఒకనాడు, కట్టెలు పేరుస్తున్న తమ్ముడి వీపుకేసి చూస్తూ మిలిసావ్ అన్నాడు:

"నీ పాట ఊదుకుంటున్నాననుకున్నావా పాకలో?"

రాదెన్కో తిరగలేదు. "మరేం ఊదావు?"

"ముందు బాకా ఇక నాకు రాదు. అది తెలుసు. ఎండాకాలంలోనే తెలుసు. ఆ పాట కింద మంద్రం ఊదేవాడు మన మేళంలో లేడు. అందుకే అంత బోసిగా ఉంటుంది. పెద్ద బాకా అయితే కట్టుడు పళ్లతోనూ నడుస్తుంది. చిన్నదాని మీద ఆ అడుగు స్వరాలు వెతుక్కుంటున్నా. నువ్వు గోడ అవతల ఊదుతుంటే దాని కింద ఏది పడుతుందో విని, పైకెళ్లి..." ఆగిపోయాడు.

"అడిగుంటే సరిపోయేదిగా."

"నువ్వు పిలిచుంటే సరిపోయేదిగా."

రాదెన్కో చేతిలోని కట్టెని మోపు మీద పెట్టాడు.

వాగులో బాకా ఏప్రిల్లో దొరికింది. కరిగిన మంచు నీళ్లకి గూట్లోంచి బయటికి జారి, మీద చెట్టు కొమ్మ విరిగిపడి నోరంతా నొక్కుకుపోయింది. కట్టుడు పళ్లు దొరకనే లేదు. కొత్తవి వచ్చేదాకా మిలిసావ్ చారులో రొట్టె నానబెట్టుకుని తిన్నాడు.

మేళం మళ్లీ ప్రొదాన్ ఇంట్లో కూడిన సాయంత్రం, మిలిసావ్ కర్ర పట్టుకుని అందరికంటే ఆఖర్న వచ్చాడు. ప్రొదాన్ ఎక్కణ్ణుంచో తెచ్చిపెట్టిన పెద్ద బాకా కుర్చీ మీద ఉంది. దాన్ని ఒళ్లోకి తీసుకుని డోలు పక్కన, వెనక వరసలో కూర్చున్నాడు. ఆ గదిలో అతను ముందు కాక ఇంకెక్కడా కూర్చోవడం ఎవరూ చూడలేదు. ప్రొదాన్ డోలు కర్రలు అటూ ఇటూ మార్చుకున్నాడు.

రాదెన్కో ముందు నిలబడ్డాడు. పెదవి మీద మచ్చ ఎర్రగా ఉంది. బాకా ఎత్తబోయాడు.

"నేనెక్కడ అందుకోవాలి?" అని వెనక నుంచి మిలిసావ్ అడిగాడు.

ఆ మాట అతని నోటి వెంట ఎప్పుడూ రాలేదు. ఎప్పుడూ చెప్పేవాడే గానీ అడిగేవాడు కాదు. రాదెన్కో వెనక్కి తిరిగాడు.

"నేను తల ఊపుతా."

"కనపడేలా ఊపు" అన్నాడు మిలిసావ్, మూతిని పెదాల మీద సరిచేసుకుంటూ. "నీ వెడల్పాటి వీపు వెనక నాకేమీ కనపడదు."

రాదెన్కో ఒకడుగు పక్కకి జరిగి, అన్నకి కనపడేలా నిలబడ్డాడు.